దాణా పెంచితే పాలు ఎందుకు తగ్గాయి? తిన్న మేత వంటికి పట్టే దారి

మీరు అడిగినదాని సారాంశం ఇది. ఈని నెల దాటిన 400 కిలోల ఆవుకు దాణాను రోజుకు 4 కిలోల నుంచి ఒకేసారి 7 కిలోలకు పెంచారు. నాలుగు రోజులు పాలు పెరిగినట్టే పెరిగి మళ్లీ తగ్గాయి. వెన్న శాతం పడిపోయింది. పేడ పలచగా, బుడగలు బుడగలుగా పడుతోంది, అందులో మొక్కజొన్న పలుకులు కనిపిస్తున్నాయి. దూడ పారుకుంటోంది. కోళ్లేమో తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు కట్టని మెత్తటి గుడ్లు పెడుతున్నాయి. పెట్టిందంతా వంటికి ఎందుకు పట్టడం లేదన్నదే మీ సందేహం. మూడింటికీ కారణాలు వేరు, అందుకే విడివిడిగా చెబుతాను. ఎక్కువ భాగం ఆవుకే పోతుంది, ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆవుకు దాణా చాలక ఇలా కాలేదు, ఒక్కసారిగా మీదపడి ఇలా అయింది. మనం ఆవుకు మేత వేస్తున్నామనుకుంటాం గానీ, ఆ మేతను ముందు తినేది దాని పెద్దపొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు. అవి తిని వదిలే ఆమ్లాలు ఆవుకు శక్తి, చివరికి అవే సూక్ష్మజీవుల శరీరాలు ఆవుకు మాంసకృత్తులు. మేతలో ఏ మార్పు చేసినా ముందు వాటికి సరిపడిందా లేదా అన్నది చూడాలి. వాటికి పడకపోతే ఎంత ఖరీదైన దాణా పెట్టినా పేడలోకే పోతుంది.

ఆవు, గేదె, గొర్రె, మేక కడుపులో నాలుగు అరలుంటాయి. మొదటిది పెద్దపొట్ట, అంటే రూమెన్. ఎదిగిన ఆవులో 100 నుంచి 200 లీటర్ల దాకా పడుతుంది, కడుపులో ఎడమ పక్కనంతా అదే ఆక్రమిస్తుంది. దాని ముందు, గుండెకు దగ్గరగా, లోపలి గోడంతా గళ్లు గళ్లుగా ఉండేది రెటిక్యులం. మేతతోపాటు మింగిన మేకులు, తీగముక్కలు ఇందులోనే ఆగుతాయి, అక్కడి నుంచి గుచ్చుకుని గుండె పొర దాకా వెళ్లే ప్రమాదం ఉంది. మూడోది ఒమేసమ్, పొరలు పొరలుగా ఉండి నీటిని పీల్చుకుంటుంది. నాలుగోది అబోమేసమ్. ఆమ్లం, జీర్ణరసాలు ఊరేది ఈ నాలుగో అరలో మాత్రమే. మొదటి మూడింటిలో జరిగేదంతా పులియడమే.

రూమెన్‌లో గాలి ఉండదు, వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది దిగేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) సాధారణంగా 6 నుంచి 7 మధ్య. ఒక్క మిల్లీలీటరు ద్రవంలో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా, లక్షల్లో ప్రొటోజోవా అనే ఏకకణ జీవులు, వాటితోపాటు బూజు జాతి జీవులూ ఉంటాయి. గడ్డిలోని పీచును విడగొట్టే ఎంజైము ఆవుకు సొంతంగా లేదు, ఈ జీవులకే ఉంది. పీచునూ పిండిపదార్థాన్నీ పులియబెట్టి ఇవి ముఖ్యంగా మూడు ఆమ్లాలు తయారుచేస్తాయి: ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్. ఆవుకు అందే శక్తిలో దాదాపు 70 శాతం ఈ మూడింటి నుంచే. వీటిని పీల్చుకోవడానికి పేగు దాకా పోనక్కర్లేదు, రూమెన్ లోపలి గోడ మీద బుడిపెలు ఉంటాయి, అక్కడే రక్తంలోకి వెళ్లిపోతాయి. వెంట పుట్టే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువులను పశువు తేన్పులుగా వదిలేస్తుంది.

గడ్డి ఎక్కువున్న మేతలో ఈ మూడింటి పాళ్లు సుమారుగా ఎసిటిక్ 65 నుంచి 70, ప్రొపియోనిక్ 15 నుంచి 20, బ్యుటిరిక్ 10 నుంచి 15 శాతం ఉంటాయి. గింజలు పెంచేకొద్దీ ప్రొపియోనిక్ వాటా పెరుగుతుంది. ప్రొపియోనిక్ కాలేయానికి వెళ్లి గ్లూకోజుగా మారుతుంది. ఆ గ్లూకోజు పొదుగులో లాక్టోజుగా, అంటే పాల చక్కెరగా మారి, నీటిని లాక్కుని పాల పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. లీటరు పాలు రావడానికి దాదాపు 70 గ్రాముల గ్లూకోజు కావాలి, అంటే 15 లీటర్లిచ్చే ఆవుకు రోజుకు కిలోకు పైనే. తిన్న మేత నుంచి నేరుగా గ్లూకోజు దానికి అందేది చాలా కొంచెం, మిగిలినదంతా కాలేయం తయారుచేసుకోవలసిందే. మీకు మొదటి నాలుగు రోజులు పాలు పెరగడానికి కారణం ఈ ప్రొపియోనిక్ పెరుగుదలే.

తర్వాత ఎందుకు పడిపోయాయంటే, పిండిపదార్థం చాలా వేగంగా పులుస్తుంది. పుట్టిన ఆమ్లాన్ని రూమెన్ గోడ పీల్చుకునే వేగం కన్నా తయారయ్యే వేగం పెరిగితే పీహెచ్ దిగుతుంది. 6 కిందికి దిగేసరికి పీచును జీర్ణం చేసే బ్యాక్టీరియా మందగిస్తుంది. అప్పుడు మీరు వేసిన గడ్డి కూడా వృథా కావడం మొదలవుతుంది, దాణా ఎక్కువ పెట్టి గడ్డిలోని బలం పోగొట్టుకున్నట్టు. 5.5 కిందికి వచ్చి రోజులో కొన్ని గంటలు అక్కడే ఉంటే దాన్ని లోలోపలి ఆమ్లపోటు అనాలి, డాక్టర్లు సబ్ అక్యూట్ అసిడోసిస్ అంటారు. ఇంకా దిగితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ వంటి బ్యాక్టీరియా విజృంభించి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. ఇది మిగతా మూడింటికన్నా దాదాపు పదింతలు ఘాటైన ఆమ్లం. 5 కిందికి పోతే పశువు లేవలేని స్థితికి వస్తుంది. కట్టు తెంపుకుని గింజల బస్తా మీద పడి తిన్న పశువులో జరిగేది ఇదే. అది గంటల్లో చికిత్స అందాల్సిన వ్యవహారం, ఇంటి వైద్యంతో పొద్దుపుచ్చొద్దు.

మీ ఆవుది ఆ చివరి దశ కాదు, మధ్య దశ. పేడలో బుడగలు దానికి గుర్తు. రూమెన్‌లో జీర్ణం కాకుండా తప్పించుకున్న పిండిపదార్థాన్ని చిన్నపేగు కొంతవరకే తట్టుకుంటుంది, నెమరువేసే జంతువుల క్లోమరసంలో పిండిని అరిగించే ఎంజైము తక్కువ. మిగిలింది పెద్దపేగులో పులిసి వాయువు పుడుతుంది, అదే బుడగలు. వెన్న తగ్గడానికి ఎసిటిక్ ఆమ్లం తగ్గడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. అసలు దెబ్బ వేరే చోట పడుతుంది. ఆమ్లం పెరిగిన రూమెన్‌లో మేతలోని నూనెలు మారే తీరే మారిపోయి, పొదుగులో వెన్న తయారీని అణిచే ఒక రకం ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. కొన్ని గ్రాములు చాలు వెన్న పడిపోవడానికి. అందుకే ఆమ్లపోటుతోపాటు నూనె ఎక్కువున్న తవుడు, నూనెగింజలు కూడా పెడుతుంటే వెన్న ఇంకా గట్టిగా దెబ్బతింటుంది.

ఇలాగే నెలల తరబడి సాగితే రూమెన్ గోడ పుండ్లుపడి బ్యాక్టీరియా కాలేయానికి చేరి చీముగడ్డలు కడుతుంది. గిట్టలు వాచి కుంటుతనం వస్తుంది, అదీ తప్పు జరిగిన కొన్ని వారాల తర్వాత. అందుకే గిట్టల జబ్బుకూ దాణాకూ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.

ఈ ఆమ్లాన్ని విరిచే అసలు మందు పశువు నోట్లోనే ఉంది. ఎదిగిన ఆవుకు రోజుకు 100 నుంచి 180 లీటర్ల లాలాజలం ఊరుతుంది, దాంట్లో సోడా గుణం ఉంటుంది. లీటరుకు 10 గ్రాముల చొప్పున లెక్కేసినా రోజుకు కిలోకు పైగా సోడా రూమెన్‌లోకి పోతున్నట్టు. మనం కలిపే 100, 150 గ్రాముల వంటసోడా దానికి చేదోడు మాత్రమే. అంత లాలాజలం ఊరాలంటే పశువు నమలాలి. నమలాలంటే పొడవైన పీచు రూమెన్‌లో పైన చాపలా తేలుతూ గోడను గీరాలి, అప్పుడే ముద్ద నోటికి తిరిగొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు 7 నుంచి 9 గంటలు నెమరు వేస్తుంది, ఒక్కో ముద్దను 50 నుంచి 60 సార్లు నములుతుంది. ఎండుగడ్డిని చాఫ్ కట్టర్‌లో పొడిపొడిగా కొట్టేస్తే, కాగితం మీద పీచు లెక్క సరిపోతుంది గానీ నెమరు రాదు. ఎండుగడ్డిని 2 నుంచి 3 సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టడం మంచిది, సెంటీమీటరు కన్నా చిన్నవి వద్దు.

ముందు మీ అనుమానాన్ని ఖాయం చేసుకోండి. పొద్దున మేత వేసిన రెండు మూడు గంటలకు పశువు పడుకుని ఉన్నప్పుడు గమనించి, ఒక ముద్ద పైకి వచ్చి మళ్లీ మింగే దాకా ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టండి. 40 లోపే మింగేస్తుంటే పీచు చాలడం లేదు. మంద ఉంటే, తినకుండా పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తూ కనిపించాలి. తర్వాత ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. రూమెన్ కనీసం రెండు మూడు సార్లు పిడికిలిని నెట్టుకుంటూ కదలాలి. కదలిక లేకపోయినా, మరీ బలహీనంగా ఉన్నా లోపల పని మందగించినట్టు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది పేడ. ఒకటిన్నర మిల్లీమీటరు కన్నాలున్న జల్లెడలో లీటరు పేడ వేసి, కింద పారే నీరు తేటగా వచ్చేదాకా పైనుంచి నీళ్లు పోస్తూ కడగండి. రుద్దొద్దు. జల్లెడలో మిగిలినదాన్ని వేళ్లతో పరిచి చూడండి. మొక్కజొన్న పలుకు ఒకటి తీసి గోటితో నొక్కండి. ఖాళీ పొట్టు మాత్రమే చేతికి వస్తే లోపలి పిండి జీర్ణమైపోయినట్టే, కంటికి పలుకులా కనిపించినంత మాత్రాన బెంగపడక్కర్లేదు. తెల్లటి పిండి బయటికి వస్తే అది మీ డబ్బు. సెంటీమీటరు కన్నా పొడవైన గడ్డి పుల్లలు ఎక్కువగా ఉంటే నెమరు సరిగ్గా సాగక మేత తొందరగా జారిపోతోంది. జిగురుగా, గొట్టంలా, సాగే పొరముక్కలు కనిపిస్తే పెద్దపేగు గోడ దెబ్బతిని తనను కాపాడుకోవడానికి వదిలిన జిగురు అది. ఇది కనిపించిన రోజే దాణా తగ్గించాలి.

ఇక సరిదిద్దే పని. 400 కిలోల ఆవు తన బరువులో సుమారు 3 శాతం పొడి పదార్థం తింటుంది, అంటే 12 కిలోలు. పచ్చిగడ్డిలో 80 శాతం నీరే, ఎండుగడ్డిలోనూ దాణాలోనూ 10 శాతమే నీరు. 25 కిలోల పచ్చిగడ్డి, మూడున్నర కిలోల ఎండుగడ్డి, నాలుగున్నర కిలోల దాణా వేస్తే పొడి లెక్కలో 5, 3.1, 4 కలిపి 12 కిలోల చిల్లర. దాణా వాటా మూడింట ఒకటి. మీరు 7 కిలోల దాణా వేసినప్పుడు ఆవు కడుపు పెద్దది కాదు కాబట్టి గడ్డి తినడం తగ్గించింది, దాణా వాటా సగం దాటిపోయింది. ఆ సగం అన్నది చాలా ఆవులకు హద్దు.

ఈ రోజే దాణాను నాలుగున్నర కిలోలకు దించండి. నాలుగైదు రోజులు ఎండుగడ్డి ఎంత తింటే అంత పెట్టండి. పొద్దున్నే ఖాళీ కడుపున దాణా వేయొద్దు, ముందు గడ్డి, కనీసం అరగంట ఆగి దాణా. ఒక్క పూటలో 2 కిలోలకు మించకుండా రోజుకు మూడు భాగాలు చేయండి. రోజుకు 100 నుంచి 150 గ్రాముల వంటసోడాను దాణాలో పంచి కలపండి. మొక్కజొన్నను పిండి చేయొద్దు, పగలగొట్టి రవ్వగా వాడండి: మెత్తటి పిండి మరీ వేగంగా పులుస్తుంది, గింజ అలాగే వేస్తే పేడలోకి పోతుంది. పేడ గట్టిపడి, నెమరు కుదురుకున్నాక మూడు రోజులకు అర కిలో చొప్పున మాత్రమే పెంచండి. పెంచిన ప్రతిసారీ పాలు పెరుగుతున్నాయా అని చూడండి, పెరగని చోట ఆగిపోవాలి. సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి 2 నుంచి 3 వారాలు, ఆమ్లాన్ని పీల్చే బుడిపెలు ఎదగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వట్టిపోయిన రోజుల్లో ఉత్త గడ్డి మీద ఉన్న ఆవుకు ఆ బుడిపెలు కుంచించుకుపోతాయి. అందుకే ఈనడానికి మూడు వారాల ముందు నుంచే కొద్దికొద్దిగా దాణా మొదలుపెట్టాలి. మీ ఆవుకు అది జరిగిందా అన్నది కూడా ఆలోచించండి.

నీళ్ల గురించి ఒక్క మాట. తిన్న ప్రతి కిలో పొడి పదార్థానికి 4 నుంచి 5 లీటర్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. రెండు పూటలా మాత్రమే తాగించే చోట మేత కూడా తగ్గిపోతుంది.

మాంసకృత్తుల దారి ఇంకో రకం. నూనెగింజల చెక్కల్లోని మాంసకృత్తులను రూమెన్ జీవులు చాలావరకు అమ్మోనియా దాకా విరగ్గొట్టి, ఆ అమ్మోనియాతో తమ శరీరాలను కట్టుకుంటాయి. ఆ జీవులే మేతతో కలిసి నాలుగో అరకు వస్తాయి. అక్కడ ఊరే లైసోజైమ్ అనే ఎంజైము వాటి గోడలు పగలగొడుతుంది, ఆమ్లం, మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్ మిగతా పని చేస్తాయి. చిన్నపేగుకు చేరే మాంసకృత్తుల్లో 60 నుంచి 80 శాతం ఇవే. దాదాపు 40 మీటర్ల ఆ పేగులో క్లోమరసం, పైత్యరసం కలిసి వాటిని అమైనో ఆమ్లాలుగా చేస్తే, సన్నటి వేళ్లలాంటి చూషకాలు పీల్చుకుంటాయి. అమ్మోనియా పుట్టే వేళకే పిండిపదార్థం నుంచి శక్తి కూడా అందాలి. అందకపోతే ఆ అమ్మోనియా రక్తంలోకి పోయి, కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకీ పాలలోకీ పంపుతుంది. ఆ మార్చే పనికి కూడా శక్తి ఖర్చే. చెక్క ఒక పూట, గింజ ఒక పూట విడిగా వేసేవాళ్లు రెండూ కలిపి వేస్తే అదే మేతతో మెరుగు కనిపిస్తుంది.

మేత మొత్తంలో మాంసకృత్తులు 7 శాతం కిందికి పోతే సూక్ష్మజీవులే ఆకలితో ఉంటాయి, గడ్డి కదలక కడుపు నిండినట్టే ఉండి పశువు తినడం మానేస్తుంది. ఉత్త వరిగడ్డి మీద ఉన్న పశువు చిక్కిపోవడం ఇందుకే. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు మాగబెడితే మాంసకృత్తులు 3, 4 శాతం నుంచి 7, 8కి పెరుగుతాయి, పీచు కూడా మెత్తబడుతుంది. తీసిన గడ్డిని ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి, వారం రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టొద్దు. గడ్డలు కట్టిన యూరియా, యూరియా కలిపిన నీళ్లు పశువుకు అందితే అరగంటలోనే వణుకు, నురగ, ఉబ్బరం మొదలవుతాయి. వెంటనే డాక్టర్‌ను పిలవాలి. ఆయన గొట్టం ద్వారా వెనిగర్, చల్లటి నీళ్లు ఎక్కిస్తారు. పచ్చి సోయాబీన్‌లో యూరియాను క్షణాల్లో విడగొట్టే ఎంజైము ఉంటుంది, ఆ రెండూ ఒకే దాణాలో ఎప్పుడూ కలవకూడదు.

కొవ్వు మేత మొత్తంలో 6, 7 శాతం మించితే నూనె పీచు ముక్కలకు పూతలా పట్టి సూక్ష్మజీవులను అంటుకోనివ్వదు, కొన్నిటికి అది విషం కూడా. ఎక్కువ పాలిచ్చే వాటికి కొవ్వు అవసరమైతే బైపాస్ కొవ్వు వాడతారు. అది కాల్షియంతో కట్టుబడి రూమెన్‌లో కరగదు, నాలుగో అరలోని ఆమ్లానికి విడిపోతుంది. రూమెన్‌లో ఆమ్లపోటు ఉంటే అది అక్కడే విడిపోతుంది. మీరు ముందు పైన చెప్పింది సరిదిద్దకుండా దాని మీద ఖర్చు పెట్టొద్దు.

ఖనిజాల్లో మెగ్నీషియం పీల్చుకునేది ప్రధానంగా రూమెన్‌లోనే, పొటాషియం ఎక్కువున్న లేత పచ్చిగడ్డి దానికి అడ్డుపడుతుంది. కాల్షియం చిన్నపేగులో, విటమిన్ డి సాయంతో. కోబాల్ట్ ఉంటే బీ12ను సూక్ష్మజీవులే తయారుచేసి ఇస్తాయి. రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు దాణాలో కలిస్తే మామూలు పాడి ఆవుకు చాలు. ఇంకొకటి: నెమరువేసే పెద్ద పశువుకు సొంతంగా యాంటీబయాటిక్ బిళ్లలు మింగించొద్దు, రూమెన్‌లోని మేలు చేసే జీవులే ముందు చస్తాయి.

దూడ సంగతి పూర్తిగా వేరు. పుట్టినప్పుడు దానికి నాలుగో అరే అన్నిటికన్నా పెద్దది, రూమెన్ పని మొదలుపెట్టలేదు. పాలు చీకేటప్పుడు ఆహారనాళం చివర ఒక కాలువ మూసుకుని గొట్టంలా మారి, పాలను రూమెన్‌లో పడనీయకుండా నేరుగా నాలుగో అరకు పంపుతుంది. తల కిందికి వంచి బకెట్లోంచి గబగబా తాగినా, చల్లటి పాలు పోసినా, వేళ తప్పినా ఆ కాలువ సరిగ్గా మూసుకోదు. పాలు రూమెన్‌లో పడి కుళ్లుతాయి. కడుపు ఉబ్బి, మట్టిరంగులో కంపుకొట్టే పారుడు వస్తుంది. అందుకే చనుకట్టున్న సీసాతో, దూడ తల పైకెత్తి తాగే ఎత్తులో, 38 నుంచి 39 డిగ్రీల వేడిలో, రోజూ ఒకే వేళకు పాలు పట్టాలి. రోజుకు దూడ బరువులో పదో వంతు పాలు, రెండు మూడు భాగాలుగా.

పాలలో పంచదార కలిపే అలవాటుంటే ఇవాళే మానండి. పంచదారను విడగొట్టే ఎంజైము దూడ పేగులో లేదు. అది అరగకుండా కిందికి పోయి నీటిని లాగి పారుడు తెస్తుంది. చిన్న దూడకు జావలూ గంజీ కూడా ఇంతే, పిండిని అరిగించే శక్తి మొదటి వారాల్లో చాలా తక్కువ. పారుకుంటున్న దూడకు పాలు ఆపొద్దు. పాలకూ పాలకూ మధ్య గ్లూకోజుతో చేసిన లవణాల నీరు పట్టండి, ఆ రెంటికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. కళ్లు గుంటలు పడి, మెడ దగ్గర చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోతే, దూడ నిలబడలేకపోతే నరానికి సెలైన్ ఎక్కించాలి, ఇంట్లో పని కాదు.

ముర్రుపాలు కూడా పీల్చుకునే సంగతే. పుట్టిన మొదటి కొన్ని గంటలు మాత్రమే దూడ పేగు తల్లి ఇచ్చే రక్షక పదార్థాలను చెక్కుచెదరకుండా రక్తంలోకి రానిస్తుంది. ఆరు గంటలకే ఆ శక్తి బాగా తగ్గుతుంది, 24 గంటలకు మూసుకుపోతుంది. మాయ పడేదాకా ఆగాలంటూ ఆలస్యం చేస్తే ఆ నష్టాన్ని తర్వాత ఏ మందూ పూడ్చలేదు. రెండు గంటల్లోపు మొదటి విడత, 24 గంటల్లో మొత్తం బరువులో పదో వంతు తాగించాలి. రెండో వారం నుంచి గుప్పెడు దూడ దాణా, శుభ్రమైన నీళ్లు అందుబాటులో పెట్టండి. రూమెన్ బుడిపెలను ఎదిగించేది గింజలు పులిసి వచ్చే బ్యుటిరిక్ ఆమ్లం, ఉత్త గడ్డి కాదు. వరసగా మూడు రోజులు కిలో దాణా తినగలిగాకే పాలు మాన్పించాలి.

కోడికి ఈ సూక్ష్మజీవుల మధ్యవర్తిత్వం లేదు. మేత ముందు మెడ కింద ఉండే సంచిలో నాని, ఆమ్లం ఊరే చిన్న పొట్టలోంచి కందనకాయకు వెళ్లి, అక్కడ నలిగి, పేగులోకి పోతుంది. మొత్తం ప్రయాణం కొన్ని గంటలే. పీచును అరిగించుకునే తీరిక దానికి ఉండదు, అందుకే కోడి దాణాలో పీచు 6, 7 శాతం దాటితే గుడ్లు తగ్గుతాయి. గింజలు అలాగే వేసే కోళ్లకు 2, 3 మిల్లీమీటర్ల గట్టి రాతి పలుకులు అందాలి, కందనకాయలో నలగ్గొట్టేవి అవే. పచ్చి సోయాబీన్ వేయకూడదు, దానిలోని నిరోధకం క్లోమరసం పనిని అడ్డుకుంటుంది, వేయించినదో చెక్కగా వచ్చినదో కావాలి. గింజల్లో ఉన్న భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే పదార్థంగా బంధించి ఉంటుంది, కోడికి దాన్ని విడగొట్టే ఎంజైము చాలినంత లేదు. కిలో దాణాకు 500 యూనిట్ల ఫైటేజ్, అంటే ఆ ఎంజైమునే కలపడం అందుకే.

తోలుగుడ్లకు వస్తే, ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్నదాంట్లో సగం చిల్లర మాత్రమే వంటికి పడుతుంది కాబట్టి రోజుకు 4 గ్రాములు కడుపులోకి వెళ్లాలి, అంటే దాణాలో 3.5 నుంచి 4 శాతం. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట, కోడి మేత తినని వేళలో. మెత్తటి సున్నపురాయి పొడి ఒక్కటే వేస్తే సాయంత్రానికే పేగు దాటిపోతుంది, రాత్రికి ఎముకల్లోంచి తీయాల్సి వస్తుంది. కాల్షియంలో మూడింట రెండు వంతులను 2 నుంచి 4 మిల్లీమీటర్ల పలుకులుగా, ఆల్చిప్ప గానీ సున్నపురాయి గానీ, మధ్యాహ్నం మూడు దాటాక విడిగా పెట్టండి. అవి కందనకాయలో ఆగి రాత్రంతా మెల్లగా కరుగుతాయి. ఎండల్లో కోడి రొప్పుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుంది, అప్పుడు చల్లటి నీళ్లు, నీడ చేసే మేలు కాల్షియం చేయలేదు. విటమిన్ డి3 లేని దాణాలో ఎంత సున్నం వేసినా పేగు దాటి రాదు, నీడలోనే ఉంచే కోళ్లకు ఇది తప్పకుండా చూడండి. రెండు వారాల్లో పెంకులు గట్టిపడకపోతే జబ్బులేమైనా ఉన్నాయేమో చూపించాలి, శ్వాస ఇబ్బందితోపాటు వంకర గుడ్లు పడుతుంటే మరీను. ఒకే గూటిలో పిల్లలూ పెట్టలూ కలిసి ఉంటే ఈ పలుకులను ఎత్తుగా కట్టిన తొట్టిలో పెట్టండి. ఇంకా గుడ్డుకు రాని కోడిపిల్లలు లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్లకు చేసేది) తింటే ఆ సున్నం మూత్రపిండాలను పాడుచేస్తుంది.